ఎడమ మూల టిక్కు

గుమాస్తా రిజిస్టరును ఆమె వైపు తిప్పి, సంతకం చేయాల్సిన గడి పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు కొట్టి, "ఇక్కడ మేడం, వచ్చిన టైము కూడా వేయండి" అన్నాడు. ఆమె సంతకం చేసింది, పదకొండూ అయిదు అని వేసింది, పెన్నుకు మూత పెట్టబోతూ ఆ టిక్కు కేసి చూసి అలాగే ఉండిపోయింది. పొద్దున తాను కొట్టిందా? రెండో జాబితా చివరి పేజీలో, కింద, ఎడమ మూలన, ఎప్పుడూ కొట్టే చోట. కొట్టలేదనే అనుకుంది, కొట్టడానికి కారణం లేదు కదా అనుకుంది, కాని చేతికి కారణాలతో పనేముంది, ఇరవై ఏడేళ్ళుగా కాగితం చివరిదాకా చూడటం, కూడిక సరిపోయిందనుకోవడం, ఎడమ మూలన టిక్కు కొట్టి అవతల పెట్టడం, భోంచేస్తూ మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపినంత అలవాటు. ఇప్పుడు ఆ కాగితాలు మూసిన తలుపు అవతల ఉన్నాయి. ఆయన ముందు ఉన్నాయి. ఆయన ఆమె భర్త, ఇవాళ సాయంత్రం దాకానైనా.

తలుపు మూసేముందు మధ్యవర్తి చెప్పిన మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. మధ్యవర్తి అంటే ఒకప్పటి జడ్జిగారు, పెద్దావిడ, ఎదుటివాళ్ళకి వినపడదేమో అన్నట్టు నెమ్మదిగా విడదీసి మాట్లాడుతుంది. "కోసింది మీరు, ఎంచుకునేది ఆయన. గంట టైము. ఈ గంటలో మీరు లోపలికి వచ్చినా, కబురు పంపినా ఈ జాబితాలు చెల్లవు, మళ్ళీ మొదటినుంచి రావాలి. సరేనా అమ్మా?" సరే అంది. ఈ పద్ధతి ఆమె ఇంట్లోంచి వచ్చిందే. విడాకుల్లో ఆస్తి పంపకం మీద రెండేళ్ళు ఇద్దరు లాయర్లు ఉత్తరాలు రాసుకుని, పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు ఎవరి ఫీజు వాళ్ళు తీసుకున్నాక, కూతురు విసిగిపోయి ఒకరోజు ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టింది. "చిన్నప్పుడు నాకూ తమ్ముడికీ ఏం చెప్పేదానివమ్మా? కోసినవాళ్ళు చివర తీసుకోవాలి అనేదానివి కదా. మీ ఆస్తి కూడా కేకే అనుకోండి. ఒకళ్ళు రెండు భాగాలు చెయ్యండి, రెండోవాళ్ళు ఏది కావాలో తీసుకోండి. నాకు మాత్రం ఇంకోసారి ఫోన్ చేసి ఏడవొద్దు." ఆయన నవ్వాడు, భాగాలు ఆవిడే చేస్తుంది, నాకేం తెలుసు కాగితాల సంగతి అన్నాడు. ఆ మాటకి ఆమె కూతురి ముఖం చూసిందే గాని ఆయన ముఖం చూడలేదు. చూసి ఉండాల్సింది.

కోసింది. ఆరు వారాలు కూర్చుని కోసింది. మొదటి జాబితాలో ఇల్లు, అద్దెకిచ్చిన రెండు భవనాలు, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, అంటే కడుపులో చల్ల కదలకుండా కూర్చుని తినే సొత్తు. రెండో జాబితాలో బొత్తాల ఫ్యాక్టరీ, దాని పేరు, గోడౌను, యంత్రాలు, యంత్రాల మీద అప్పు, ఆ అప్పుకి సొంత హామీ. రెండు జాబితాల మొత్తాలూ చివరి రూపాయి దాకా సమానం. అబద్ధం ఒక్కటి లేదు. ఫ్యాక్టరీ విలువ మాత్రం రెండేళ్ళ కిందట నిపుణులు కట్టింది, ఆ తరవాత వాళ్ళ బొత్తాల్లో సగం కొనే పెద్ద చొక్కాల కంపెనీ, వచ్చే ఏడాది నుంచి మీ దగ్గర తీసుకోం అని ఉత్తరం రాసింది, ఆ ఉత్తరం పంతొమ్మిదో పేజీలో అతికించే ఉంది, చదివినవాడికి కనపడుతుంది. చదివినవాడికి. ఆమె లాయరు ఆ కాగితాలు చూసి కళ్ళజోడు తీసి, "మేడం, మీరు లాయరు అయి ఉండాల్సింది" అన్నాడు, అప్పుడు సంతోషం వేసింది, చిన్న సంతోషం కూడా కాదు, అద్దంలో చూసుకున్నప్పుడు కూడా అది ముఖంలో ఉంది. పరాయివాళ్ళ మధ్య అయితే కోసేవాడు సమానంగా కోయక చస్తాడా, అవతలివాడు ఏది తీసుకుంటాడో తెలియదు గనక. మొగుడూ పెళ్ళాల మధ్య ఆ న్యాయం ఎక్కడ నిలుస్తుంది. ఆయన ఏది తీసుకుంటాడో ఆమెకి తెలుసు. ఫ్యాక్టరీ తీసుకుంటాడు. పేరు తీసుకుంటాడు. కళ్ళు మూసుకుని తీసుకుంటాడు.

గుమాస్తా కూడా లోపలికి వెళ్ళాడు. గదిలో నాలుగు కుర్చీలు, ఒక్కదాని మీదా నిలకడగా కూర్చోలేకపోయింది. కిటికీలోంచి కిందికి చూస్తే ఎవరో ఆడమనిషి కారు వెనక్కి తియ్యలేక అవస్థ పడుతోంది, ఒకాయన చేతులు ఊపుతూ సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. టిక్కు లేకపోతే ఏమయ్యేది, ఆయన చదవకుండా సంతకం పెడితే అది ఆయన తప్పు, వయసొచ్చిన మనిషి, అంత ఫ్యాక్టరీ నడిపినవాడు, చదువుకోవాలి. ఆరు వారాలూ ఆ మాటతోనే నిద్రపోయింది. చదువుకోవాలి కదా. టిక్కు ఉంటే మాత్రం ఆ మాట నిలవదు. ఎందుకంటే ఆ టిక్కుకి ఒక అర్థం ఉంది, అది వాళ్ళిద్దరికే తెలుసు, ఆ అర్థం చెప్పింది కూడా తనే. అద్దె గది, బొత్తాలు అచ్చుపోయడానికి చేత్తో తిప్పే ఒక్క ప్రెస్సు, ఆయన జేబులో ఎప్పుడూ బొత్తాలు, మెట్లెక్కుతుంటే గలగలమని వినపడేది, ఆ చప్పుడుకే స్టవ్వు వెలిగించేది. పెళ్ళైన ఏడాదే, ఎవడో యంత్రం అద్దెకిస్తానని కాగితం ముందు పెడితే సంతకం పెట్టేసి వచ్చాడు, మూణ్ణెల్లకి యంత్రమూ పోయింది, కట్టిన డబ్బూ పోయింది. ఒక్కసారైనా చదవొద్దా అని అరిచింది. ఆయన మంచం అంచున కూర్చుని, కాలి వేళ్ళకేసి చూస్తూ, నాకు అక్షరాలు నిలవవు, చీమల్లా కదులుతాయి, చిన్నప్పటినుంచీ అంతే, ఎవరితోనూ అనకు అన్నాడు. స్కూల్లో పాఠాలన్నీ పక్కవాళ్ళు చదివితే విని బట్టీ పట్టి గట్టెక్కాడట. ఆమె ఎవరితోనూ అనలేదు. పిల్లలతో కూడా.

ఒక స్కేలు తెచ్చింది, వరస కింద స్కేలు పెట్టుకుంటే అక్షరాలు నిలుస్తాయేమో చూద్దాం రండి అంది. పది రోజులు కూర్చోబెట్టింది, చెమటలు పట్టేవి ఆయనకి, ఒక పేజీకి అరగంట, తరవాత తలనొప్పి. పదకొండో రోజు స్కేలు తీసుకెళ్ళి వీపు గోక్కోవడానికి పెట్టుకున్నాడు. "నువ్వున్నావుగా పంతులమ్మా, నాకెందుకీ చదువు" అన్నాడు. ఆ పేరు అప్పటినుంచే. ఆ తరవాత వచ్చిన మొదటి కాగితం, గది అద్దె ఒప్పందం, రెండుసార్లు చదివి ఎడమ మూలన పెన్సిలుతో టిక్కు కొట్టి ఇచ్చింది. ఇదేంటి అన్నాడు. చూశాను, బాగుంది, పెట్టండి అని అర్థం అంది. అంతే, ఆనాటినుంచి టిక్కు ఉంటే సంతకం, లేకపోతే లేదు. బ్యాంకువాళ్ళు ముందుకు తోసినా, మంత్రులు నిలబడి ఉన్నా, కాగితం తీసుకుని మొదట ఎడమ మూల చూసేవాడు, లేకపోతే ఇంట్లో చూపించి తెస్తాను అనేవాడు. జాగ్రత్తపరుడని పేరొచ్చింది ఆయనకి. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఆమెని చాటుగా టిక్కు మేడం అనేవారు, ఎందుకన్నారో వాళ్ళకీ సరిగా తెలియదు. ఇన్ని కాగితాలు చదివి పెట్టింది గాని, ఆమె కాగితాలు ఎవరు చదివి పెట్టారు. అదేం ప్రశ్న, తనకి చదువొచ్చు కదా.

పొద్దున. పొద్దున సంగతి చూడాలి, వరసగా, ఒక్కొక్కటీ. ఏడింటికి లేచింది, కాఫీ చేసుకుంది, చిక్కబడి తాగలేక పారబోసింది. భోజనాల బల్ల మీద రెండు జాబితాలూ పరిచింది, చేతిలో పెన్సిలు ఉంది, ఉండాలి, పెన్సిలు లేకుండా కాగితం చూడటం ఆమెకి రాదు. మొదటి జాబితా చివరిదాకా చూసింది, అవతల పెట్టింది. అప్పుడు టిక్కు పెట్టిందా, లేదు, ఎందుకంటే ఆ జాబితా తనకి రావాల్సింది, తన కాగితాల మీద తాను ఎప్పుడూ టిక్కు పెట్టుకోలేదు. రెండోది తీసుకుంది. ఇరవై రెండు పేజీలు. పంతొమ్మిదో పేజీ దగ్గర కాసేపు ఆగింది, ఆగిన మాట నిజం, మళ్ళీ తిప్పింది. ఇరవై రెండో పేజీలో ఉండగా ఫోన్ మోగింది. కూతురు. "అమ్మా, తిన్నావా? నాన్నకి కూడా ఫోన్ చేశాను, నీలం కోటు వేసుకెళ్ళమన్నాను, నలిగినదే వేసుకుంటాడేమో." ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుంది, కుడి చేతిలో పెన్సిలు. మాట్లాడుతూ ఉంది. నీలం కోటు బొత్తాలు వాళ్ళ ఫ్యాక్టరీవే, మొదటిసారి బొత్తానికి గేదె కొమ్ము రంగు కుదిరినప్పుడు చేసినవి, వాటిని తనే కుట్టింది, ఆ సంగతి చెబుదామా వద్దా అనుకుంటూ ఉంది. ఫోన్ పెట్టేసరికి కాగితాలు దొంతరగా సర్ది ఉన్నాయి. ఎవరు సర్దారు, తనే. చెయ్యే. మధ్యలో ఏం చేసిందో ఆ చెయ్యి చెప్పదు. ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుని చూస్తే అది ఏమీ ఎరగనట్టు ఉంది, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

తలుపు తెరుచుకుంది, ఆమె లేచి నిలబడింది, కాని వచ్చింది గుమాస్తా. తన బల్ల సొరుగు లాగి వెతికాడు. "ఏం కావాలి?" అంది. "స్కేలు మేడం, లోపల అడిగారు" అన్నాడు, చెక్క స్కేలు ఒకటి దొరికితే తీసుకుని మళ్ళీ లోపలికి పోయాడు. ఒప్పందంలో గీతలు కొట్టుకోవాలేమో జడ్జిగారికి, పాతకాలం మనిషి కదా. అంటే అయిపోవచ్చిందా, గడియారం చూస్తే ఇరవై అయిదు నిమిషాలే. ఆయన అయిదు నిమిషాల్లో సంతకం పెట్టేస్తాడనుకుంది, పెట్టేసి జడ్జిగారికి బొత్తాల కథలు చెబుతూ ఉంటాడు, సగం నిజం సగం కోత, ఆవిడ నవ్వుతూ గీతలు కొట్టుకుంటూ ఉంటుంది. గుమాస్తా చొక్కా కుడి చేతి బొత్తం వాళ్ళదే, నాలుగు రంధ్రాలది, అంచు లేచినది, దారం వదులై వేలాడుతోంది, రేపో ఎల్లుండో ఊడిపోతుంది. చెబుదామనుకుంది గాని ఈలోగా వెళ్ళిపోయాడు. అచ్చులోంచి తీసిన బొత్తాలు మొదట గరుగ్గా ఉంటాయి, పెద్ద పీపాలో నీళ్ళూ రాతిపొడీ పోసి బొత్తాలన్నీ వేసి రాత్రీ పగలూ దొర్లిస్తే, ఒకదానికొకటి రాసుకుని నున్నబడతాయి, మొదట్లో ఆ పీపా వాళ్ళ పడకగది గోడ అవతలే తిరిగేది, ఆ చప్పుడు ఆగితే నిద్ర పట్టేది కాదు. ఎక్కువసేపు దొర్లిస్తే అరిగిపోతాయి, రంధ్రాలు పెద్దవై పనికిరాకుండా పోతాయి, ఎప్పుడు ఆపాలో ఆయనకి తెలుసు, చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించేవాడు. కాగితం చదవలేనివాడు బొత్తం చప్పుడు చదివేవాడు. ఆ సంగతి ఎప్పుడైనా ఆయనతో అందా. అనలేదు. వంటింట్లో ఒంటరిగా నిలబడి అనుకుంది, ఒకటి రెండుసార్లు.

ఆయన మాత్రం అన్నాడా. ఒకసారి పేపరు విలేఖరి ఒకడు వచ్చి అడిగాడు, ఇంత వ్యాపారం ఒంటి చేత్తో ఎలా కట్టారండీ అని. ఆయన ఫ్యాక్టరీ ముందు చేతులు కట్టుకుని ఫోటోకి నిలబడి, కష్టపడ్డాను, అంతే, ఇంట్లో ఆవిడ లెక్కలు చూసుకుంటుంది అన్నాడు. లెక్కలు చూసుకుంటుంది. పనిమనిషి అంట్లు చూసుకుంటుంది అన్నట్టు. ఆ వాక్యం పేపర్లో చదివిన రోజు ఆమె ఏమీ అనలేదు, కూర వడ్డించింది, ఆ తరవాత కూడా అనలేదు, అనకపోవడం అలవాటైపోయింది, ఇల్లు పెద్దదవుతున్నకొద్దీ అనకుండా తిరగడానికి గదులు ఎక్కువయ్యాయి, ఆయన ఫ్యాక్టరీలోనే పడుకోవడం మొదలుపెట్టాడు, పీపా చప్పుడు దగ్గర. ఆ వాక్యానికి ఇంకో అర్థం ఉండొచ్చని ఈ కుర్చీలో కూర్చున్నాకగాని తోచలేదు. ఆవిడ చదివి టిక్కు పెడితే నేను సంతకం పెడతాను అని చెబితే, ఎందుకండీ, మీరు చదవరా అని అడుగుతాడు విలేఖరి. అక్కడ ఏం చెబుతాడు. చీమల సంగతి చెబుతాడా. ఎవరితోనూ అనకు అన్నవాడు. అదొక్కటే అయితే కాలం మీద మరిచిపోయేదేమో, తరవాత ఆయన లాయరు రాసిన మొదటి ఉత్తరం వచ్చింది, గృహిణిగా ఆవిడ చేసిన సాయానికి గాను ఆస్తిలో నూటికి ముప్పై పాళ్ళు ఇవ్వడానికి మా క్లయింటు అంగీకరిస్తున్నారు అని. కింద ఆయన సంతకం. చదవకుండా పెట్టాడని ఆమెకి తెలుసు, ఆమెకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. ఇంకొకడి టిక్కు నమ్మాడన్నమాట అనుకుంది, మంట అక్కడ పుట్టింది. ఒక్క ఫోన్ చేసి ఉత్తరంలో ఏముందో తెలుసా అని అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది. అడగలేదు. ముప్పై అన్నావు కదా, యాభై ఎలా ఉంటుందో చూపిస్తాను అనుకుంది. ఆ రోజు అడగకపోవడమే అసలు తప్పు, ఈ టిక్కు తరవాతది.

పిల్లల కేకు గుర్తొచ్చింది, ఎందుకు రాదు. కూతురికి ఎనిమిదేళ్ళు, కొడుక్కి అయిదు. కత్తి కూతురి చేతిలో. కేకు మీద చక్కెరతో చేసిన గులాబీ ఒకటి. తమ్ముడికి ఆ గులాబీ మీదే ప్రాణం. కూతురు అది సరిగ్గా చూసుకుని, గులాబీ ఉన్న ముక్క చిన్నది చేసి, లేని ముక్క పెద్దది చేసి, ఎంచుకోరా అంది. వాడు గులాబీ లాక్కుని పరిగెత్తాడు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది, నవ్వొచ్చింది, ఆయనతో కూడా చెప్పింది, మీ కూతురు మామూలుది కాదండీ అని, గర్వంగా చెప్పింది. ఆయన నవ్వలేదు. "వాడికి తెలిసినప్పుడు?" అన్నాడు. "వాడు సంతోషంగానే తిన్నాడు కదా" అంది ఆమె. "అదే" అన్నాడు ఆయన, బొత్తాల గుప్పెడు జేబులో వేసుకుని పనికి వెళ్ళిపోయాడు. అదే అంటే ఏమిటో ఆ రోజు అడగలేదు. ఎన్ని అడగలేదు తాను. చదువు రాని మనిషి, ఏం తెలుసులే అనుకుందా ఎప్పుడైనా, ఒక్కసారైనా, లోలోపల. అనుకుంది. ఇప్పుడు కాదనడానికి లేదు, ఈ గదిలో వేరే ఎవరూ లేరు.

నలభై నిమిషాలు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. ఇత్తడి పిడి, చల్లగా ఉంది. తట్టి లోపలికి వెళ్ళి ఏమని చెప్పాలి, ఎడమ మూలన టిక్కు ఉంటే నమ్మకండి అనాలా. అంటే ఎందుకు నమ్మకూడదు అని జడ్జిగారు అడుగుతారు, గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుంది, జాబితాలు చెల్లవు, మళ్ళీ మొదటినుంచి, మళ్ళీ లాయర్లు, మళ్ళీ ఉత్తరాలు, కూతురి ముఖం. అసలు టిక్కు కొట్టే ఉండదేమో, ఇదంతా ఉత్త భయమేమో. కొట్టకపోతే ఆయన ఎడమ మూల చూసి, లేదని చూసి, ఏం చేస్తాడు, ఇంట్లో చూపించి తెస్తాను అనడానికి ఇల్లెక్కడుంది. టిక్కు ఉన్నా అన్యాయమే, లేకపోయినా అన్యాయమే, ఇలా ఎలా కోసింది తాను, ఏ వైపు పట్టుకున్నా తన చేతికే తెగేలాగ. తలుపు అవతల మాటలు వినపడలేదు, నవ్వు కూడా వినపడలేదు, కాగితం తిప్పిన చప్పుడు ఒక్కటి, కాసేపటికి ఇంకొకటి. తట్టాలి. చేతిని పిడి మీదే ఉంచుకుని, పది లెక్కపెట్టి తడతాననుకుంది, పది అయింది, ఇంకో పది అనుకుంది. ఆ రెండో పదిలోనే ఇల్లూ రెండు భవనాలూ డిపాజిట్లూ కళ్ళముందు వరసగా వెళ్ళాయి, సిగ్గు లేకుండా, ఒక్కొక్కటీ దాని విలువతో సహా. వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమె తరవాత చాలా ఏళ్ళు తలచుకుని బాధపడబోయేది ఈ రెండో పది గురించే.

యాభై ఎనిమిదో నిమిషంలో జడ్జిగారే తలుపు తీసి, "రండమ్మా, అయింది" అన్నారు. ఆయన బల్లకి ఆ వైపు కూర్చుని ఉన్నాడు. నీలం కోటే, నలగలేదు. ముక్కు మీద రెండు వైపులా ఎర్రగా నొక్కులు, అయిదేళ్ళ కిందట తాను కొనిపెట్టిన కళ్ళజోడు, ఒక్కరోజూ పెట్టుకోనిది, ఇప్పుడు బల్ల మీద ఉంది. నుదుటి మీద చెమట. రెండో జాబితా చివరి పేజీ తెరిచి ఉంది, ఆఖరి వరస కింద అడ్డంగా చెక్క స్కేలు. ఆ కింద ఆయన సంతకం. ఎడమ మూలన పెన్సిలు టిక్కు, పొట్టిగా, తోక కొంచెం పైకి లేచి, పోల్చుకోలేకపోవడానికి వీల్లేకుండా.

స్కేలు మీదనుంచి చూపు తిప్పుకోలేక, "చదివారా?" అంది.

"చదివాను. ఇరవై రెండు పేజీలూ. సగానికి పైగా మన యంత్రాల పేర్లేగా, చూస్తూనే పోల్చుకున్నా. పంతొమ్మిదో పేజీ రెండుసార్లు." నెమ్మదిగా చెప్పాడు, గొంతు బొంగురుపోయి ఉంది, పెదాలు కదుపుతూ చదివి ఉంటాడు. "ఆ చొక్కాలవాళ్ళు పోతే పోయారులే. మనం మొదలుపెట్టినప్పుడు వాళ్ళున్నారా ఏంటి."

"తెలిసి ఎందుకు పెట్టారు?"

"నీ టిక్కు ఉందిగా." అని, ఆమె ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. మొన్న మా లాయరు రాసిన మొదటి ఉత్తరం తీసి చదివాను. స్కేలు పెట్టుకునే. గంట పట్టింది. నూటికి ముప్పై అట. గృహిణి అట. కింద చూస్తే నా సంతకం. రెండేళ్ళుగా నీ దగ్గర ఆ కాగితం ఉంది, నేనేమో పంతులమ్మ ఎందుకు మాట్లాడదా అనుకుంటున్నా. ఇవాళ ఈ జాబితా మీద టిక్కు చూశాను. అంటే నాకు ఇంతే రావాలని నువ్వు లెక్క కట్టావన్నమాట. నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక."

"అది అలవాటుగా పడిందండీ. ఫోన్‌లో మాట్లాడుతుంటే పడింది. నేను మిమ్మల్ని పెట్టమనలేదు." మాట తడబడింది. జడ్జిగారి వైపు తిరిగింది. "మేడం, నేను మళ్ళీ రాస్తాను. ఇవి వద్దు. సమానంగా లేవు. నాకు తెలుసు, నేనే చేశాను."

జడ్జిగారు ఆయన వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దండీ. మళ్ళీ ఇరవై రెండు పేజీలు చదవమంటే నావల్ల కాదు" అన్నాడు నవ్వబోతూ, నవ్వు సరిగా రాలేదు. జడ్జిగారు "ఆయన చదివే ఎంచుకున్నారమ్మా, నా ఎదురుగానే. ఇక మీ సంతకం" అని మొదటి జాబితా చివరి పేజీ తీసి ఆమె ముందు పెట్టారు. ఇల్లు, రెండు భవనాలు, డిపాజిట్లు, షేర్లు. కోరుకున్నదంతా కోరుకున్నట్టే వచ్చింది. ఆమె పెన్ను తీసింది గాని కాగితం మీదికి వంగలేకపోయింది, అక్షరాలు నిలవడం లేదు, కదులుతున్నాయి, ఇలాగా ఉంటుంది ఈయనకి అనుకుంది.

"పెన్సిలుందా?" అన్నాడాయన. ఉంటుందని తెలిసే అడిగాడు. ఆమె సంచీలోంచి తీసి ఇచ్చింది. ఆయన కుర్చీలోంచి సగం లేచి, బల్ల మీదుగా ఒంగి, ఆమె కాగితాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఎదుటి వైపునుంచి గనక కాసేపు వెతుక్కుని, ఎడమ మూల దొరకబుచ్చుకుని టిక్కు కొట్టాడు. ఆయనకి అలవాటు లేని పని, పైగా అవతలి వైపునుంచి, అది తలకిందులుగా వచ్చింది.

"ఇది కూడా చదివాను" అన్నాడు. "చూశాను, బాగుంది, పెట్టు."

ఆమె చదవకుండా సంతకం పెట్టింది.